ఫిలడెల్ఫియా ఫుట్‌పాత్ మీద ఒక తకరార్

2020 జనవరిలో మా ఊరి షాదీఖానాలో ఒక మీటింగు జరిగింది. పౌరసత్వ చట్టానికి ఖిలాఫ్‌గా జులూస్ తీయాలి, కలెక్టర్‌కు మెమొరాండం ఇవ్వాలి. చట్టం జుల్మ్ అన్నదాని మీద ఎవరికీ బహస్ లేదు. గంటన్నర సేపు బహస్ నడిచింది బట్టల మీద. బుజుర్గులు కచ్చితంగా చెప్పారు, అందరూ షేర్వానీలో గానీ తెల్ల కుర్తాలో గానీ రావాలి, చేతిలో జెండా, రాజ్యాంగం తప్ప ఇంకేమీ ఉండకూడదు, నినాదాల్లేని ఖామోష్ జులూస్ అని. నౌజవాన్లకు గుస్సా వచ్చింది. వెనక కుర్చీలో నుంచి ఒకడు లేచి, "క్యా చాచా, షేర్వానీ దేఖ్‌కే లాఠీ రుక్ జాతీ క్యా?" అన్నాడు. సగం హాలు నవ్వింది, సగం హాలు ముఖం మాడ్చుకుంది. నేను ముందు వరసలో కాగితం, పెన్ను పట్టుకుని మెమొరాండం రాసుకుంటున్నా. నా వయసు అప్పుడు నలభై దాటింది. ఏ సగంలో ఉన్నానో నాకే తెలీలేదు.

ఆ లాక్‌డౌన్‌లో ఖాళీగా కూర్చుని చదువుతుంటే అచ్చం ఇదే తకరార్ ఇంకో ముల్క్‌లో, ఇంకో కౌమ్‌లో కనపడింది. అమెరికాలో గే హక్కుల తహరీక్. ఆ తారీఖ్‌ను చదవడం ఒక పాత ఫొటోతో మొదలుపెట్టాను.

1965 నాటి ఫొటో. మగాళ్ళంతా సూటు, టై. ఆడాళ్ళంతా గౌనులు, స్కర్టులు. చేతుల్లో శుభ్రంగా అక్షరాలు రాసిన అట్టలు. గుండ్రంగా, ఒకరి వెనక ఒకరు, మాట్లాడకుండా నడుస్తున్నారు. చూస్తే బ్యాంకు ఉద్యోగులు మధ్యాహ్నం పూట బయటికొచ్చారేమో అనిపిస్తుంది. ఫిలడెల్ఫియాలో ఇండిపెండెన్స్ హాల్ ముందు, జులై 4న, అమెరికా ఆజాదీ రోజున, నలభై మంది దాకా స్వలింగ ప్రేమికులు, వాళ్ళ దోస్తులు చేసిన పికెటింగు అది. అప్పటి నుంచి ఏటా అదే తేదీన చేశారు. యాన్యువల్ రిమైండర్ అని పేరు పెట్టుకున్నారు. ఏడాదికోసారి ముల్క్‌కు గుర్తు చేయడం, మేమూ ఉన్నాం అని.

ఆ బట్టల కాయిదా పెట్టిన మనిషి ఫ్రాంక్ కామెనీ. ఈయన గురించి కాస్త ఆగి చెప్పాలి. 1925లో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో యూరప్‌లో ఫౌజీగా పోరాడాడు. తిరిగొచ్చి హార్వర్డ్‌లో నక్షత్రాల శాస్త్రంలో డాక్టరేట్ చేశాడు. 1957లో ఆర్మీ మ్యాప్ సర్వీస్‌లో ఉద్యోగం దొరికింది. అదే ఏడు పాత అరెస్టు ఒకటి బయటపడి, గే అని తేలి, ఉద్యోగం ఊడింది. ఊడటమంటే ఆ ఒక్క ఆఫీసులో కాదు. 1953లో ఐసెన్‌హోవర్ సంతకం పెట్టిన ఒక ఫర్మానా ప్రకారం ఇలాంటివాళ్ళు హుకూమత్ కొలువు ఏదీ చేయకూడదు. రోదసిలోకి మనిషిని పంపాలని అమెరికా తహతహలాడుతున్న రోజుల్లో ఒక ఖగోళ శాస్త్రవేత్తకు తిండికి కటకట అయింది. వేలమంది ఇలాగే ఉద్యోగాలు పోగొట్టుకుని, బేఇజ్జతీకి భయపడి ఖామోష్‌గా వెళ్ళిపోయారు. ఈయన వెళ్ళలేదు. ముకద్దమా వేశాడు, కింది కోర్టుల్లో ఓడాడు, చివరికి వకీల్ కూడా వదిలేస్తే సుప్రీంకోర్టుకు అర్జీ తనే రాసుకున్నాడు. 1961లో కోర్టు ఆ అర్జీని తీసుకోనే లేదు. అదే ఏడాది వాషింగ్టన్‌లో మాటషీన్ సొసైటీ పెట్టాడు.

ఆయన సూటు, టై మీద పట్టుబట్టడం వెనక ఈ కథంతా ఉంది. మేం ఉద్యోగాలు అడగడానికి వచ్చాం, ఉద్యోగం చేసేవాళ్ళలాగే కనపడాలి అనేది ఆయన లెక్క. షాదీఖానాలో మా చాచాలు చెప్పిన లెక్కే. దాన్ని పిరికితనం అనడం నౌజవాన్లకు తేలిక. 1965 ఏప్రిల్‌లో వైట్‌హౌస్ ముందు పదిమందితో పికెటింగుకు నిలబడ్డ మనిషిని పిరికివాడని నేను అనలేను. ఆ పదిమందిలో ఎవరి ఫొటో పేపర్లో వచ్చినా మర్నాడు కొలువు ఉండదు.

ఇంకో సంగతి. ఈ బుజుర్గు కూడా ఒకప్పుడు బుజుర్గుల మీద తిరగబడ్డవాడే. మాటషీన్ పేరుతో మొదటి జమాత్ 1950లో లాస్ ఏంజిలస్‌లో పుట్టింది. పెట్టినవాళ్ళలో ముఖ్యుడు హ్యారీ హే, కమ్యూనిస్టు. పార్టీలో నేర్చుకున్నట్టే రహస్యంగా చిన్న చిన్న గుంపులుగా కట్టాడు. మనం ఒక మైనారిటీ కౌమ్ అని తనవాళ్ళకు చెప్పింది ఆయనే. మెకార్తీ జమానా. కమ్యూనిస్టు అనే మాట వింటేనే ఖౌఫ్. 1953కల్లా జమాత్‌లో చేరిన కొత్తవాళ్ళు భయపడ్డారు, హే, అతని సాథీలు తప్పుకోవాల్సి వచ్చింది. తర్వాత వచ్చిన నాయకత్వం మెల్లగా మాట్లాడింది. డాక్టర్లను, ప్రొఫెసర్లను పిలిచి, మా మీద పరిశోధన చేయండి, మాది రోగమో కాదో మీరే తేల్చండి అన్నది. కామెనీకి ఈ పద్ధతి మంటెత్తించింది. సబూత్ లేకుండా నన్ను రోగి అనడానికి నువ్వెవరు అని అడిగినవాడు ఆయన. 1965 మార్చిలో వాషింగ్టన్ మాటషీన్ చేత, ఇది రోగం కాదు అని తీర్మానం చేయించాడు. న్యూయార్క్ పెద్దలు దూకుడు తగ్గించుకో అన్నారు. అంటే నలభై ఏళ్ళ వయసులో ఆయన నౌజవాన్ పార్టీ.

నాలుగేళ్ళు గడిచాయి.

1969 జూన్ 28 తెల్లవారుజామున న్యూయార్క్‌లో స్టోన్‌వాల్ ఇన్ అనే బార్ మీద పోలీసు దాడి, జనం తిరగబడటం చాలామందికి తెలిసిన కథే కాబట్టి దాని జోలికి పోను. ఒక్క ముచ్చట మాత్రం. ఆ గొడవల రోజుల్లో బార్ కిటికీకి కొట్టిన చెక్కల మీద మాటషీన్ వాళ్ళు ఒక ఇత్తిలా రాశారు. దయచేసి మనవాళ్ళందరూ శాంతిగా, నెమ్మదిగా ఉండాలని. అటు పక్క రాళ్ళు, సీసాలు ఎగురుతున్నాయి, ఇటు పక్క బుజుర్గుల మనవి. నాకు మా చాచాలు గుర్తొచ్చి నవ్వొచ్చింది, కొంచెం జాలీ వేసింది.

సరిగ్గా ఆరు రోజులకు జులై 4. ఫిలడెల్ఫియా పికెటింగు. న్యూయార్క్ నుంచి ఒక బస్సు నిండా జనాన్ని తెచ్చినవాడు క్రెయిగ్ రాడ్‌వెల్. 28 ఏళ్ళు. రెండేళ్ళ కింద న్యూయార్క్‌లో ఆస్కార్ వైల్డ్ పేరు మీద పుస్తకాల దుకాణం పెట్టాడు. ఏటా ఆజాదీ రోజున గుర్తు చేద్దామనే ఖయాల్ మొదట ఇతనిదే. ఆ బస్సులో వచ్చినవాళ్ళు స్టోన్‌వాల్ వేడి ఇంకా దిగనివాళ్ళు. ఇద్దరు ఆడపిల్లలు వరసలో నడుస్తూ చేయి చేయి పట్టుకున్నారు. కామెనీ వచ్చి ఆ చేతుల్ని కొట్టి విడదీశాడు. ఇక్కడ అలాంటివి కుదరవు అన్నాడు.

చదివినప్పుడు నేను ఇక్కడ పుస్తకం పక్కన పెట్టేశాను. ఆ చేయి పట్టుకునే హఖ్ కోసమే కదా ఆయన పన్నెండేళ్ళుగా ఆకలి పడ్డది! బయటివాళ్ళు చూస్తున్నారనే ఖౌఫ్ మనిషి లోపలికి ఎంత దిగిపోతుందంటే, చివరికి పోలీసు చేయాల్సిన పని మనమే చేస్తాం.

రాడ్‌వెల్‌కు రక్తం మరిగింది. అక్కడికక్కడే జంటలన్నింటినీ చేతులు పట్టుకుని నడవమన్నాడు, నడిచారు. అక్కడున్న పత్రికలవాళ్ళతో కూడా తన గుస్సా దాచుకోలేదు. అదే ఆఖరి యాన్యువల్ రిమైండర్. ఆ నవంబర్‌లో ఫిలడెల్ఫియాలోనే జరిగిన తూర్పు రాష్ట్రాల జమాతుల కాన్ఫరెన్స్‌లో రాడ్‌వెల్ ఇంకో ముగ్గురితో కలిసి తీర్మానం రాయించాడు. ఇకపై జులై 4 వద్దు, జూన్ ఆఖరి వారం, న్యూయార్క్ వీధుల్లో జులూస్. బట్టల మీద, వయసు మీద ఏ కాయిదా ఉండకూడదని అందులోనే స్పష్టంగా చేర్చారు. ఇవాళ దునియా అంతా జూన్‌లో జరిగే ప్రైడ్ జులూసులకు జడ్ ఈ కాగితమే.

1970 జూన్ 28న వేలమంది న్యూయార్క్‌లో నడిచారు. కామెనీ రాలేదనుకుంటారు కదా. వచ్చాడు. తను 1968లో కట్టిన నినాదం 'గే ఈజ్ గుడ్' పట్టుకుని నడిచాడు. నల్లజాతివాళ్ళు 'నలుపు అందం' అని ఎలుగెత్తడం విని అల్లుకున్న నినాదమది. అహం మింగి, తన కాయిదాలు పక్కన పడేసి, తన కొడుకుల వయసున్న పిల్లల జులూస్‌లో నడిచాడు. మన దగ్గర ఇలా చేసే బుజుర్గును నేను ఇంకా చూడాలి. అల్లా చూపిస్తాడేమో.

కొత్త నస్ల్‌లో ఇత్తెహాద్ ఉందా అంటే అదీ లేదు. స్టోన్‌వాల్ తర్వాత పుట్టిన గే లిబరేషన్ ఫ్రంట్ తన పేరును వియత్నాం విమోచన ఫ్రంట్ నుంచి తీసుకుంది. యుద్ధం, జాతి వివక్ష, పెట్టుబడి అన్నింటి మీదా ఒకేసారి లడాయి చేయాలన్నారు. బ్లాక్ పాంథర్లకు చందా ఇవ్వాలా వద్దా అన్న దగ్గర తగువు ముదిరింది. పాంథర్ల నాయకులు కొందరు గే వాళ్ళను నోటికొచ్చిన తిట్లు తిట్టేవాళ్ళు, వాళ్ళకు మన పైసలెందుకు అని కొందరి సవాల్. 1969 డిసెంబర్‌లో ఒక గుంపు విడిపోయి గే యాక్టివిస్ట్స్ అలయన్స్ పెట్టుకుంది. మాది ఒకటే మసలా, ఇంకే మసలా ఎత్తం అన్నారు. మరో ఎనిమిది నెలలకు, 1970 ఆగస్టు 15న, పాంథర్ల నాయకుడు హ్యూయీ న్యూటన్ తన పార్టీవాళ్ళకు ఒక ఖత్ రాశాడు. ఆడవాళ్ళ తహరీక్‌తో, గే తహరీక్‌తో దోస్తీ కట్టాలి, వాళ్ళను చూస్తే మనలో లేచే భయం మన లోపలిదే, ఆ తిట్లు మన నోట రాకూడదు అని. జైలు నుంచి బయటికొచ్చి పట్టుమని పదిహేను రోజులు కాలేదు, రాయాలనిపించింది ఆయనకు ఇది. విడిపోయినవాళ్ళు ఎనిమిది నెలలు సబర్ చేసి ఉంటే ఏమయ్యేదో.

ఇక్కడ కొందరు దోస్తులు ఆగి అడుగుతారని తెలుసు, ముసల్మాన్‌వై ఉండి ఇదంతా ఎందుకు రాస్తున్నావు మియా అని. నేను ముఫ్తీని కాను, ఇది ఫత్వా కాదు. ఒక మనిషిని ఎవరో కనుక్కుని కొలువులోంచి తోసేయడం, ఇల్లు అద్దెకివ్వకపోవడం, పోలీసు పేర్లు రాసుకుని పోవడం, ఇవి నాకు తెలిసిన సంగతులు కాబట్టి రాస్తున్నా. ఇత్తెహాద్ గురించి మాట్లాడుతున్నాం కాబట్టి ఇదీ చెప్పాలి. 2009లో ఢిల్లీ హైకోర్టు 377 సెక్షన్ మీద ఇచ్చిన తీర్పును కొట్టేయించడానికి సుప్రీంకోర్టుకెక్కినవాళ్ళలో మన పర్సనల్ లా బోర్డు ఉంది. పక్కనే ఒక హిందూ జ్యోతిష్కుడు, చర్చి సంఘాలు, మనువాదీ అని పేరులోనే పెట్టుకున్న ఒక పార్టీ. బాబ్రీ మీద, రిజర్వేషన్ల మీద ఎన్నడూ మనతో ఒక బెంచీ మీద కూర్చోనివాళ్ళు ఈ ఒక్క ముకద్దమాలో కూర్చున్నారు. 2013లో గెలిచారు, 2018 సెప్టెంబర్ 6న ఆ గెలుపు పోయింది. ఆ బెంచీ మీద మనకు ఏం పనో నాకు అర్థం కాలేదు.

సరే, వాషింగ్టన్‌కు వద్దాం. 1971 ప్రారంభంలో కామెనీ ఎన్నికల్లో నిలబడ్డాడు. వాషింగ్టన్ నగరానికి అమెరికన్ కాంగ్రెస్‌లో ఓటు లేని సీటు ఒకటుంది, దానికి. బాలెట్ మీద పేరు రావాలంటే 5,000 దస్తఖత్‌లు కావాలి. సేకరించడానికి న్యూయార్క్ నుంచి బస్సుల్లో వచ్చినవాళ్ళు ఎవరనుకున్నారు? ఆ పొడుగు జుట్టు పిల్లలే. ఆరుగురిలో నాలుగో స్థానంలో ఓడిపోయాడు. కానీ ఆ నెలల్లో వాళ్ళ దగ్గర ఆయన ఒకటి నేర్చుకున్నాడు, ఇజాజత్ అడక్కుండా గదిలోకి ఎలా వెళ్ళాలో.

అదే ఏడు మే 3న అమెరికా మానసిక వైద్యుల సంఘం మహాసభ వాషింగ్టన్‌లో ఒక పెద్ద హోటల్లో జరిగింది. ఆ సంఘం అచ్చేసే రోగాల పుస్తకంలో స్వలింగ ప్రేమ ఒక రోగం. కోర్టులైనా ఆఫీసులైనా కొలువు తీయడానికి, పిల్లల్ని తల్లి దగ్గర నుంచి లాక్కోవడానికి చూపించేది ఆ పుస్తకాన్నే. ముందటేడు శాన్‌ఫ్రాన్సిస్కోలో కుర్రాళ్ళు, ఫెమినిస్టులు కలిసి సభను అల్లరల్లరి చేయడంతో ఈసారి సంఘం దిగొచ్చి కామెనీకీ ఇంకొందరికీ మాట్లాడే చోటిచ్చింది. ఆయన దర్జాగా లోపల కూర్చున్నాడు. బయట నుంచి గే లిబరేషన్ ఫ్రంట్ పిల్లలు, యుద్ధం మీద నిరసనకు నగరానికొచ్చిన ఇంకొందరు తలుపులు తోసుకుని వచ్చేశారు. తోపులాట, అరుపులు. ఆ హల్‌చల్‌లో కామెనీ మైకు లాక్కున్నాడు. మీ వైద్యం మా మీద జంగ్ చేస్తోంది, ఇదే మీ మీద మా జంగ్ ఎలాన్ అనుకోండి అన్నాడు. డాక్టర్ల మొహాలు ఎలా ఉండి ఉంటాయో!

దర్వాజా బద్దలు కొట్టడం ఆయనకు చేతకాదు. బద్దలు కొట్టి లోపలికొచ్చినవాళ్ళకు డాక్టర్ల పరిశోధనల్లో డొల్ల ఎక్కడుందో తెలీదు, ఆయనకు పదేళ్ళుగా కంఠతా వచ్చు. మర్నాడు నుంచి అదే సభలో సంఘం పెద్దలతో రోగాల పుస్తకం గురించి మాటలు మొదలయ్యాయి. మరుసటి ఏడు డాలస్‌లో కామెనీ, బార్బరా గిటింగ్స్ పక్కన ఒక మానసిక వైద్యుడు మాస్కు, విగ్గు, తన సైజుకంటే పెద్ద సూటు వేసుకుని, గొంతు మార్చే మైకులో మాట్లాడాడు. నేనూ గే, నేనూ మీ సంఘం మెంబర్ని అన్నాడు. ఆయన పేరు జాన్ ఫ్రయర్ అని దునియాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. 1973 డిసెంబర్ 15న సంఘం ట్రస్టీలు ఆ రోగాన్ని పుస్తకంలోంచి తీసేశారు. కొందరు డాక్టర్లు ఒప్పుకోక ఓటింగు పెట్టించారు, 58 శాతం మంది తీసేయడమే సరి అన్నారు. లక్షల మంది ఒక్క రోజులో షిఫా పొందారని అప్పట్లో వాళ్ళలో వాళ్ళు జోకులేసుకున్నారట.

ఇక్కడితో ఆపితే మంచి కథ. కానీ అదే 1973లో, జూన్ 24న, న్యూయార్క్‌లో ఇంకోటి జరిగింది.

సిల్వియా రివేరాకు అప్పటికి ఇంకా 22 నిండలేదు. వెనెజ్వెలా, ప్యూర్టోరికో మూలాల పేద ఖాందాన్‌లో మగపిల్లాడిగా పుట్టి, పదేళ్ళ వయసులో వీధిలోకొచ్చి, ఆడమనిషిగా బతికింది. మన హైదరాబాద్‌లో అయితే హిజ్రా అనేవాళ్ళం. నగరంలో గే హక్కుల బిల్లు తేవాలని దస్తఖత్‌లు సేకరిస్తూ 1970లో అరెస్టయింది. దోస్తు మార్షా జాన్సన్‌తో కలిసి, ఇంట్లోంచి గెంటేసిన తమలాంటి పిల్లలకు ఒక తలదాచుకునే చోటు నడిపింది. ఆ రోజు వాషింగ్టన్ స్క్వేర్ పార్కులో ప్రైడ్ జల్సా. స్టేజీ ఎక్కనివ్వలేదు. పెనుగులాడి ఎక్కింది. కింద జనం హూ అని అరుస్తుంటే, జైళ్ళలో మనవాళ్ళు మగ్గుతున్నారు, వాళ్ళు సాయం కోసం ఖత్‌లు రాసేది మాకే, మీరు వాళ్ళకోసం ఏం చేశారు అని గొంతు పగిలేలా అడిగింది. తర్వాత ఒక లెస్బియన్ జమాత్ తరఫున జీన్ ఓలియరీ, ఆడవేషాలు ఆడవాళ్ళకు అవమానం అని ప్రకటన చదివింది. చల్లబరచడానికి ఒక పేరున్న గాయని వచ్చి పాట పాడాల్సి వచ్చింది. సిల్వియా తహరీక్ నుంచి ఏళ్ళ తరబడి దూరంగా వెళ్ళిపోయింది. ఓలియరీ తర్వాత ఆ మాటలకు పశ్చాత్తాపపడింది.

చూడండి, హూ అన్నవాళ్ళలో బుజుర్గులు లేరు. చేతులు పట్టుకుని నడిచిన నౌజవాన్లే. ఆ నగర బిల్లు 1971 నుంచి నలిగి నలిగి 1986లో గట్టెక్కింది, సిల్వియాలాంటివాళ్ళ పేరు లేకుండా. వాళ్ళను చేరిస్తే ఓట్లు పోతాయి, ముందు మనది కానివ్వండి, వెనక్కొచ్చి మిమ్మల్ని తీసుకెళ్తాం అన్నారు. రాష్ట్ర చట్టం వఖ్త్ వచ్చింది. 2002 ఫిబ్రవరిలో ఆస్పత్రి మంచం మీద నుంచి కూడా సిల్వియా నాయకులతో మాట్లాడింది, మావాళ్ళను వదలొద్దని. ఫిబ్రవరి 19న చనిపోయింది. డిసెంబర్‌లో చట్టం వచ్చింది, అందులోనూ లేరు. న్యూయార్క్ రాష్ట్రం వెనక్కొచ్చి వాళ్ళను చేర్చుకున్నది 2019 జనవరిలో.

కామెనీకి మాత్రం ఇన్సాఫ్ కళ్ళతో చూసే ఉమర్ దొరికింది. 2009లో, తీసేసిన 52 ఏళ్ళకు, హుకూమత్ మాఫీ అడిగింది. ఉద్యోగాల శాఖ డైరెక్టర్, తనూ గే అయిన జాన్ బెరీ, చేతికి ఉత్తరం ఇచ్చాడు. రెండేళ్ళకు, 2011 అక్టోబర్‌లో, 86 ఏళ్ళకు కన్నుమూశాడు. ఆ శుభ్రంగా రాసిన అట్టలు ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉన్నాయి.

షాదీఖానా సంగతి పూర్తి చేయలేదు. బట్టల తకరార్ ఆ రాత్రే తేలిపోయింది, ఎవరికి నచ్చింది వాళ్ళు తొడుక్కుని వచ్చారు. జులూస్ రోజు పదకొండు మంది పిల్లల్ని స్టేషన్‌కు తీసుకెళ్తే, రాత్రి ఒంటిగంటకు అదే షేర్వానీ చాచా వచ్చి ఎస్సైతో సెక్షన్లు మాట్లాడి విడిపించుకొచ్చాడు. ఆ లాఠీ జోకు వేసినవాడు ఇప్పుడు చాచా స్కూటర్ నడుపుతుంటాడు.

ఆ రోజు ఇంకొకతను కూడా లేచాడు. దూదేకుల అబ్బాయి, పక్క మండలం. ఉర్దూ రాదు, తెలుగులోనే మాట్లాడాడు. కాగితాల్లేనివాళ్ళు అందరికంటే ఎక్కువ మా దూదేకులోళ్ళలో, ఫకీరోళ్ళలో ఉన్నారు సార్, ఊళ్ళు తిరిగి బతికినోళ్ళం, మెమొరాండంలో మా పేరు రాయండి, కమిటీలో ఒకర్ని పెట్టుకోండి అన్నాడు. ఇటు చాచాలు, అటు నౌజవాన్లు, ఆ సాయంత్రం మొదటిసారి ఒక్క మాట మీదికొచ్చారు, "అభీ నహీ భాయ్, పెహ్లే కౌమ్ ఏక్ దిఖ్‌నా" అని. కౌమ్ ముందు ఒకటిగా కనపడాలట. అతను నా వైపు చూశాడు. పెన్ను నా చేతిలో ఉంది. నేను రాయలేదు.

తర్వాత రెండుసార్లు ఫోన్ చేశా. మొదటిసారి ఎత్తి, పనిలో ఉన్నా సార్, మళ్ళీ చేస్తా అన్నాడు.